అంటని దద్దుర్లు

ట్రాలీ ముందు చక్రాల్లో ఒకటి ఎడమకు లాగుతుంది. అందుకని ఆమె కుడి తుంటిని పిడికి ఆనించి, దాన్ని వంటగదిలోంచి వాలు మీదుగా కారిడార్‌లోకి నెట్టింది. పై అరలో పాలు, కింది అరల్లో రొట్టె, ఉడికించిన గుడ్లు. ప్రతి పళ్ళానికీ మూత. ఆడవాళ్ళ వార్డు తలుపును మోచేత్తో తోసింది. అరచేత్తో తోయకూడదని కరోనా మొదటి రోజుల్లో నేర్పారు. ఆ అలవాటు పోలేదు.

దురద మళ్ళీ మొదలైంది. ఎడమ జబ్బ మీద, టీకా వేసిన చోట, అరచెయ్యంత మేర చర్మం ఎర్రగా ఉబ్బి వేడిగా ఉంది. అక్కడి నుంచి మణికట్టు దాకా దద్దుర్లు. టీకా వేసిన వారానికి వచ్చాయి. గోకొద్దని భర్త చెప్పాడు. గోకడానికి చేతులు ఖాళీగానూ లేవు.

భర్త దర్జీ. ఆమె యూనిఫారం చొక్కాకి పొట్టి చేతులు. నిన్న సాయంత్రం వాటికి మణికట్టు దాకా గుడ్డ జోడించి కుట్టాడు. అదే నీలం దొరక్క తెల్ల గుడ్డ వేశాడు.

"దూరం నుంచి చూస్తే డాక్టరమ్మలా ఉన్నావు," అన్నాడు.

"దగ్గరికొస్తే?"

"దగ్గరికొస్తే నా పెళ్ళానివే. ఫీజు అడక్కు."

ఆస్పత్రిలో ఆమెను ట్రాలీ అక్క అంటారు. ఆమె తల్లి ఇక్కడే మంచాన పడి ఉన్నప్పుడు, తల్లికి తినిపించి, పక్క మంచాలవాళ్ళకు కూడా తినిపించేది. అప్పటి మేనేజరు అది చూసి పనిలో పెట్టుకున్నాడు. తల్లి పోయింది, ఆమె ఉండిపోయింది. కాంట్రాక్టర్లు మారారు, యూనిఫారం రంగులు మారాయి. కరోనా వార్డు తెరిచినప్పుడు పళ్ళేలు గుమ్మంలో పెట్టి వచ్చెయ్యమన్నారు. ఊపిరందనివాళ్ళు గుమ్మం దాకా ఎలా వస్తారని ఆమె లోపలికి వెళ్ళింది. టీకా వచ్చిన మొదటి రోజు పెద్ద డాక్టర్లకు ఏదో ఒక పని తగిలింది. కొందరు నర్సులతో పాటు వంటగదివాళ్ళను, ఊడ్చేవాళ్ళను ముందు పిలిచారు. ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి జరిపింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

కిటికీ పక్క మంచం మీది ముసలావిడ కుడి చేతికి సెలైన్ ఎక్కుతోంది. ట్రాలీ అక్క వంగి పాలగ్లాసు అందిస్తుంటే, భర్త కుట్టిన చొక్కా చెయ్యి పైకి జరిగింది. ముసలావిడ కోడలు చూసింది.

"ఏంటది నీ చేతికి? అమ్మో, ముట్టుకోకు మా అత్తయ్యని!"

"టీకా వేసిన చెయ్యమ్మా. ఎర్రబడింది, అంతే."

"టీకాకి ఇలా అవుతుందా ఎక్కడైనా? ఎవరండీ ఇక్కడ పెద్ద?"

ముసలావిడ గ్లాసు కోసం చెయ్యి చాపింది. కోడలు ఆ చెయ్యి వెనక్కి లాగేసింది.

కోడలి కేకలకి వంటగది మేనేజరు వచ్చి ట్రాలీ అక్కను కారిడార్‌లోకి పిలిచాడు. ఆమె కంటే బాగా చిన్నవాడు. రోజూ అక్కా అని పిలుస్తాడు. ఇవాళ పిలవలేదు.

"చెయ్యి చూపించు."

చూపించింది.

"టీకా నాకూ వేశారు. నాకేమైంది? ఇది గజ్జి. పైగా దాచడానికి చొక్కాకి చేతులు కుట్టించుకున్నావు."

"దాచడానికి కాదు సార్. జనం జడుసుకుంటారని."

"దాన్నే దాచడమంటారు."

డాక్టరు చూసేదాకా అతను ఆగలేదు. ట్రాలీ వెనక్కి రప్పించి, అందులో ఉన్నదంతా పారబోయమన్నాడు. గిన్నెలు తోమే ఆవిడ పాల డబ్బా పట్టుకుని తూము దగ్గర నిలబడింది. పాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"పాలేం చేశాయి సార్? వీటికీ గజ్జేనా?"

"నోరు మూసుకుని ఒలకబొయ్యి."

ఆవిడ ఒలకబోసింది. గుడ్లు చెత్తబుట్టలో పడ్డాయి. వార్డులో మందులు మింగడానికి ముందు తినాల్సినవాళ్ళు తినకుండా కూర్చున్నారు. మందుల గది నుంచి గజ్జి మందు తెప్పించి, వంటగదిలో ఉన్న ప్రతి ఒక్కరినీ మెడ నుంచి పాదాల దాకా పూసుకోమన్నాడు మేనేజరు. పైవాళ్ళకు ఫోన్ చేసి, వంటగదిలో గజ్జి బయటపడిందనీ తను అదుపు చేశాననీ చెప్పాడు. ఆ తర్వాత ఆమెను చర్మవ్యాధుల విభాగానికి పంపాడు.

అక్కడ బల్ల మీద సర్జికల్ వార్డు నర్సు కూర్చుని ఉంది.

"నీకూనా అక్కా?" అని తన జబ్బ చూపించింది. అదే ఎరుపు, అదే వాపు. "పడుకుంటే ఆ వైపు ఒత్తిగిల్లలేకపోతున్నా."

"నేనూ అంతే సిస్టరమ్మా. మా ఆయన వైపు తిరిగి పడుకోవాల్సొస్తోంది. గురక వినలేక చస్తున్నా."

నర్సు నవ్వింది. ముందు నర్సునే పిలిచారు. తలుపు వెయ్యలేదు. డాక్టరు మాటలు బయటికి వినబడ్డాయి.

"టీకా వల్లే. కొంతమందికి వారం తర్వాత వస్తుంది. ఎవరికీ అంటదు, భయపడాల్సిన పని లేదు. దానంతటదే తగ్గిపోతుంది. దురదకి మాత్ర రాస్తాను. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి."

తర్వాత ట్రాలీ అక్క లోపలికి వెళ్ళింది. డాక్టరు తల ఎత్తి చూశాడు.

"వంటగదేనా? మీ మేనేజరు ఫోన్ చేశాడు. అక్కడే నిలబడు. గజ్జి మందు రాసుకో, బట్టలు వేడినీళ్ళలో ఉడకబెట్టు."

"ఒక్కసారి చూడండి సార్."

"చెప్పాను కదా."

నర్సు తలుపు దగ్గరే ఆగి ఉంది. "సార్, అక్కా నేనూ ఒకే రోజు వేయించుకున్నాం. నాది టీకా వల్ల అయితే అక్కదీ అదే కదా?"

డాక్టరు లేచాడు. గ్లోవ్స్ తొడుక్కుని, జబ్బ మీద వేలితో నొక్కాడు. దీపం దగ్గరికి తెచ్చాడు.

"అవును. ఇదీ టీకాదే." ఫోన్ చేతిలోకి తీసుకుని, "మీది ఇంకా స్పష్టంగా ఉంది. ఒక ఫొటో తీసుకోనా? పాఠం చెప్పడానికి పనికొస్తుంది. మొహం రాదులెండి," అన్నాడు.

"మొహం వచ్చినా ఫర్వాలేదు సార్. ఇది అంటేది కాదని మా మేనేజరుతో చెప్పండి."

ఫొటో తీసుకుని, ఆమె ముందే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాడు.

ఆమె వంటగదికి వచ్చేసరికి గదంతా గజ్జి మందు వాసన. మేనేజరు ఆమెను పొయ్యిల వెనక్కి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"డాక్టరుగారు చెప్పారు. నాకు అర్థమైంది. నా సంగతి కూడా అర్థం చేసుకోండి. తిండంతా పారబోయించాను. అందరికీ మందు పూయించాను. పైవాళ్ళకి గజ్జి అని చెప్పేశాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి సార్?"

"కొన్నాళ్ళు ఇంట్లో ఉండండి. కబురు పెడతాను."

"సిస్టరమ్మనీ ఇంటికే పంపారు. ఆవిడకి సెలవు. నాకేంటి?"

"ఆవిడ పర్మనెంటు. మీరు కాంట్రాక్టరు మనిషి."

"టీకాకి పిలిచినప్పుడు ఆస్పత్రి మనిషినే కదా సార్. చెయ్యి ఉబ్బాక కాంట్రాక్టరు మనిషినయ్యానా?"

అతను పొయ్యి మీది గిన్నె మూత తీసి చూశాడు. అందులో ఉడుకుతున్నవి నీళ్ళే.

కబురు పెడతామన్న మాట ఆమె ఇంతకు ముందూ విన్నది. నేల తుడిచే మనిషికి నడుం పట్టేసినప్పుడు ఇదే మాట చెప్పి పంపారు. ఆ కబురు ఇంకా వెళ్ళలేదు. మధ్యాహ్నం భోజనాలకు ట్రాలీ పట్టుకుని అప్పుడే ఇంకొకావిడ నిలబడి ఉంది. తల దించుకుని, ఆమె వైపు చూడకుండా.

గిన్నెలు తోమే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ పాడు సూది వేయించుకోకుండా ఉండాల్సింది వదినా."

"సూదిని అనకు. రెండోది కూడా వేయించుకుంటా. ఈ దద్దుర్లెంత, నాలుగు రోజుల్లో పోతాయి."

"మరి నువ్వు?"

మేనేజరు దూరం నుంచే గోడ పక్కనున్న సంచివైపు చెయ్యి చూపించాడు. "ఏప్రన్ అందులో వేసి వెళ్ళండి."

వార్డుల్లో చీము దూది, నెత్తుటి కట్లు పడేసే పసుపు సంచి అది. ఇవాళ వంటగదికి తెప్పించారు. ఆమె ఏప్రన్ విప్పింది. బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, రోజూ పని దిగేటప్పటిలా మడత పెట్టింది. సంచి దగ్గరికి వెళ్ళి వంగి పెట్టింది, విసరలేదు. వంటగది పక్క తలుపు గుండా వెళ్ళిపోయింది.

మూతి కట్టని పసుపు సంచిలో, గజ్జి మందు తుడిచిన దూది ఉండల మీద, తాళ్ళు లోపలికి మడిచిన తెల్ల ఏప్రన్ ఉంది, పొద్దున్నే తీసి కట్టుకోవడానికి వీలుగా.