నో గ్రాసియాస్ అండీ

మా జీవన్ బావ కొన్నేళ్ళు సరుకు ఓడలో వంటవాడిగా పనిచేశాడు. ఓడ ఆగిన రేవుల్లో ఉల్లిపాయలు, కోడిగుడ్లు బేరమాడి కొనుక్కొచ్చేంత స్పానిష్ అతనికి వచ్చు. ఇప్పుడు అవనిగడ్డ బస్టాండు దగ్గర కర్రీ పాయింట్ నడుపుతున్నాడు. మా అక్కకి స్పానిష్ అవసరం పడేసరికి చుట్టాలందరిలోకీ ప్రొఫెసరు అతనే అయ్యాడు.

అక్క పేరు హెప్సిబా. సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల హేచరీలో ల్యాబ్ పని. ఎనిమిదేళ్ళుగా రొయ్యపిల్లల్ని మైక్రోస్కోపు కింద చూసి ఏ తొట్టిలో రోగం మొదలైందో చెప్పేది అక్క. రిపోర్టు మీద సంతకం పెట్టేది ధీరజ్. అతను ఓనరుగారి అల్లుడి తమ్ముడు. ఆ డిగ్రీ అక్క దగ్గర లేదు.

ఈక్వడార్ దేశపు రొయ్యల కంపెనీ ఒకటి తమ ల్యాబ్ మొత్తం చూసుకునే మనిషి కావాలని కబురు పెట్టింది. అక్కడ సంతకం కూడా ఆ మనిషిదే. అయితే అక్కడి పనివాళ్ళకి ఇంగ్లీషు రాదు, కూరగాయల కొట్లోనూ రాదు. రోజువారీ స్పానిష్ మాట్లాడగలగాలి. హేచరీ నుంచి రెండు పేర్లు వెళ్ళాయి. రెండోది ధీరజ్‌ది.

"ఫోన్లో యాప్ ఏం నేర్పుతోంది?" అని మొదటిరోజు అడిగాడు బావ.

"రైల్వే స్టేషన్ ఎక్కడ అని అడగడం," అంది అక్క.

"అవనిగడ్డకి రైలే లేదు. రైలెక్కాలంటే బందరు వెళ్ళాలి. ఎవరినడుగుతావు?"

"నేనడిగేది ఈక్వడార్‌లో బావా."

"అక్కడ మాత్రం నువ్వుండేది రొయ్యల చెరువుల మధ్యేగా. అక్కడికీ రైలు రాదు. ఇది నేర్చుకో. కియేరో. అంటే నాకు కావాలి. ఈ ఒక్క ముక్కతో సముద్రాలు దాటాను. కియేరో గుడ్లు, కియేరో ఉల్లిపాయలు, కియేరో..." అని అమ్మ వైపు చూసి ఆగాడు. "కియేరో మంచినీళ్ళు."

మా అమ్మ ప్రభావతి చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. రొయ్యలు వొలుస్తూ పాఠం వింటోంది.

"ఆడపిల్ల ఊరుగాని ఊరెళ్ళి నాకది కావాలి, నాకిది కావాలి అంటుందేంట్రా? పెంపకం ఏమనుకుంటారు? ముందు వద్దనడం నేర్పు. కావాలనడం ఎవరైనా నేర్చుకుంటారు."

"వద్దు అంటే నో, గ్రాసియాస్ అత్తా. వద్దు, థాంక్స్ అని."

"అదీ. వినడానికే ఎంత మర్యాదగా ఉందో."

మా నాన్న ప్రకాశరావు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. "అందులో అండీ ఎక్కడుంది?" అన్నాడు.

"వాళ్ళ భాషలో అండీ లేదు మావయ్యా."

"లేకపోతే మనం పెట్టుకోవాలి. తాగొచ్చి బస్సులో పడుకున్నవాణ్ణి కూడా దిగండి అనే దించాను నేను."

అలా అక్క స్పానిష్‌లోకి అండీ వచ్చి చేరింది. ఓలా అండీ, అంటే నమస్కారం. గ్రాసియాస్ అండీ. నో గ్రాసియాస్ అండీ. యాప్‌లోని అమ్మాయి ఈ మాటలకి ఎర్ర గుర్తు పెడుతూనే ఉంది. నాన్న ఆ అమ్మాయి పెంపకాన్ని తప్పు పట్టాడు.

కియేరో మాత్రం అమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడే చదివేవాళ్ళు. బావకి వచ్చిన మరికొన్ని మాటలు కూడా అప్పుడే. అవి అక్కకి ఒక్కసారి వినగానే వచ్చేశాయి.

నేను మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటూ అన్నీ వినేదాన్ని. నాకు ఏమొచ్చో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కనీసం ఊనో, దోస్, త్రేస్ అని అంకెలు చెప్పేదాన్ని.

కంపెనీ తరఫున రామిరో గారు, ఆయన భార్య మారిసోల్ గారు వచ్చారు. ఆయన ల్యాబ్ పని చూస్తాడు. ఆవిడ అక్కడ పనివాళ్ళు ఉండే ఇళ్ళూ వంటగదీ చూసుకుంటుంది. కొత్తమనిషి తమ మధ్య మసలగలదా లేదా అన్నది ఆవిడ తేల్చాలి. హేచరీలో అక్క పని చూశారు. ధీరజ్ వాళ్ళని హోటల్‌కి తీసుకెళ్ళాడు. అది విని అమ్మ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పిలిచింది.

"రొయ్యల కంపెనీ వాళ్ళకి రొయ్యలు వండి పెడతావా?" అన్నాడు నాన్న.

"తెలిసినవాళ్ళకి పెడితేనే రుచి తెలిసేది," అంది అమ్మ.

బావని వంటగది దాటి రావద్దంది. అతని నోటి మీద ఆమెకి నమ్మకం లేదు.

వాళ్ళు పొద్దున హంసలదీవి చూసుకుని, బూట్ల నిండా ఇసకతో వచ్చారు. అక్క "ఓలా అండీ" అంది. ఆవిడ నవ్వి అక్కని దగ్గరికి తీసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. రామిరో గారు కూడా అదే పని చేయబోతాడేమోనని నాన్న మధ్యలోకి వచ్చి చెయ్యి కలిపాడు.

ఇగురు, పండుగప్ప వేపుడు, గోంగూర, పులిహోర వడ్డించాం. రామిరో గారి గ్లాసు ఖాళీ కాగానే మారిసోల్ గారు జగ్గు ఎత్తి ఏదో అడిగింది. ఆయన "నో" అన్నాడు. ఆవిడ జగ్గు కింద పెట్టేసింది. అంతే. మా ఇంట్లో అయితే అక్కడ అసలు కథ మొదలయ్యేది.

ఎందుకంటే మా ఇళ్ళలో మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగినా వద్దనాలి. మూడోసారి, "మీరు ఇంతలా అంటుంటే" అని పెట్టించుకోవాలి. మొదటిసారికే సరే అన్నవాళ్ళని, వాళ్ళు వెళ్ళాక, ఆబగాళ్ళంటారు. నిజంగా కడుపు నిండితే పళ్ళేనికి రెండు చేతులూ అడ్డం పెట్టాలి. చేతులు అడ్డం రానంతవరకూ వద్దనేది ఉత్త మాట.

అమ్మ అన్నం గరిటెతో మారిసోల్ గారి దగ్గరికి వచ్చింది.

"నో, గ్రాసియాస్," అంది ఆవిడ.

"చూశావా, ఎంత పద్ధతి," అని నాన్నతో అని, అమ్మ ఒక గరిటె వేసింది. ఆవిడ మళ్ళీ నో గ్రాసియాస్ అంది. ఇగురు పడింది. ఇంకోసారి అంది. వేపుడు ముక్క పడింది. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన తన పళ్ళెం వైపు చూసుకుంటున్నాడు.

భోజనం మధ్యలో ఆవిడ చెయ్యి ఆపి అక్క వైపు తిరిగింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. మాతో పనిచేయడం నీకు ఇష్టమేనా, వస్తావా అని. అది నాకే అర్థమైంది, అక్కకి అర్థం కాకపోవడమేం.

అక్క ముఖం ఎర్రబడింది. తల వంచుకుంది.

"నో, గ్రాసియాస్ అండీ."

అమ్మ ముఖం వెలిగింది. నాన్న తల ఊపాడు. వాళ్ళిద్దరి లెక్కలో అంతా సవ్యంగా నడుస్తోంది.

మారిసోల్ గారు రామిరో గారి వైపు చూసింది. ఆయన ఆశ్చర్యపోయి, భుజాలు ఎగరేసి, పులిహోర కలుపుకున్నాడు. ఆవిడ అక్క చెయ్యి మెల్లగా తట్టి, భోజనంలో పడింది. ఆయన ఆవిడతో ఏదో అన్నాడు. అందులో ధీరజ్ అన్న పేరు వినిపించింది.

అక్క రెండోసారి అడుగుతారని ఎదురుచూస్తోంది. నేను జగ్గు వైపు చూశాను. వీళ్ళు రెండోసారి అడగరు.

"అక్కా, ఇంకోసారి చెప్పు," అన్నాను.

"ఛీ. వాళ్ళడక్కుండా నేనెలా చెప్తానే?"

నేను వెళ్ళి మారిసోల్ గారి పక్కన నిలబడ్డాను. అక్కడ మాట్లాడేవాళ్ళలో నేను ఎప్పుడూ లేను కాబట్టి కుర్చీయే లేచి నడిచొచ్చినట్టు అందరూ నన్ను చూశారు. ఆవిడ పళ్ళెంలో అన్నం చూపించి, "నో, ఊనో," అన్నాను. ఇగురు చూపించి, "నో, దోస్." చేప చూపించి, "నో, త్రేస్." తర్వాత అమ్మ చేతిలోని గరిటె చూపించాను. ఆపైన అక్కని చూపించి, "ఊనో," అన్నాను. ఒక్క వేలే ఎత్తాను.

ఆవిడ పళ్ళెంలోని గుట్టని చూసింది. గరిటెని చూసింది. అక్క వంచుకున్న తలని చూసింది. ముందు కళ్ళు నవ్వాయి, తర్వాత మనిషంతా నవ్వింది. భర్తకి గబగబా చెప్పింది. ఆయన తింటున్నది గొంతుకి అడ్డం పడింది.

ఆవిడ అక్కని మళ్ళీ అదే మాట అడిగింది.

"నో, గ్రాసియాస్ అండీ," అంది అక్క, ఈసారి కొంచెం కంగారుగా.

ఆవిడ మూడు వేళ్ళు ఎత్తి, మళ్ళీ అడిగింది.

"సీ," అంది అక్క. తల ఎత్తింది. "కియేరో. కియేరో అండీ."

"ఏమందది?" అంది అమ్మ.

"సరే, కావాలందత్తా," అన్నాడు బావ వంటగది గుమ్మంలోంచి.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"మూడోసారేగా. తప్పులేదు," అని, ఆ సంతోషంలో అన్నం గరిటె నింపుకుని మారిసోల్ గారి దగ్గరికి వెళ్ళింది.

ఆవిడ నోరు తెరవబోయి, నా వైపు చూసింది. నేను రెండు చేతులూ బోర్లించి చూపించాను. ఆవిడ వెంటనే తన రెండు చేతులూ పళ్ళేనికి అడ్డం పెట్టింది.

"ఈవిడకి త్వరగానే వస్తోంది మన భాష," అని అమ్మ గరిటెతో రామిరో గారి వైపు తిరిగింది.