నాలుగు రోజులు

నాకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. అందుకని దుబాయి జెబెల్ అలీలోని మా కూలీల క్యాంపులో ఏ తెలుగువాడికి ఒంట్లో బాగాలేకపోయినా కంపెనీ క్లినిక్కుకు నన్నే వెంటబెట్టుకుని పోతాడు. నెల్లూరు హయాత్ బాషా లేకపోతే డాక్టరుకు రోగమే అర్థం కాదని నాకో పొగరు. ఆ పొగరే వీరబాబు గొంతు మీదికి తెచ్చింది.

వీరబాబు అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. కోనసీమ మనిషి. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, ఆ తెలుగు మాత్రం ఆగదు. మా గదిలో అతను వంట చేస్తూ కబుర్లు చెబుతుంటే కూర మాడినా ఎవరికీ పట్టేది కాదు. పోయిన ఏడు వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది. నెల దాటినా తగ్గలేదు.

అంతకుముందు మా గదిలోనే ఉన్న అయ్యప్ప, దగ్గు రెండు నెలలనుంచీ ఉందని డాక్టరుతో నిజం చెప్పాడు. పెద్దాసుపత్రికి పంపారు. ఇరవై రోజుల్లో వీసా రద్దయి ఇంటికి పోయాడు. అప్పటినుంచి మా క్యాంపులో ఎవరూ నెలల లెక్క చెప్పరు. క్లినిక్కుకు పోయే బస్సులో వీరబాబుకు ఆ పాఠమే చెప్పాను.

"ఎన్నాళ్ళనుంచి అంటే నాలుగు రోజులే అను. నెల అన్నావంటే ఖలాస్, టికెట్టు చేతిలో పెడతారబ్బా."

"మీరెలా చెబితే అలాగేనండి బాషాగారూ," అన్నాడు.

డాక్టరమ్మ మంచిది. మూడు వారాలు దాటిన బొంగురు తన చేతిలో ఉండదనీ, గొంతు డాక్టరుకు చీటీ రాస్తాననీ, రోజులు సరిగ్గా చెప్పమనీ అంది. ఆ మాట నేను వీరబాబుకు చెప్పనే లేదు, నాలుగు రోజులే అన్నాను. మళ్ళీ నెలకు పోతే, పాతది తగ్గిందా అని అడిగింది. తగ్గింది, ఇది కొత్తది, నాలుగు రోజులైంది అన్నాను. మూడోసారీ అదే. నేను చెబుతుంటే పక్కనే వీరబాబు నాలుగు వేళ్ళు చూపించేవాడు, ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

అతని ఉద్యోగం కోసమే అలా చెప్పానని సర్దిచెప్పుకుంటాను. అది సగమే నిజం. నా అబద్ధం బయటపడితే రేపటినుంచి నన్నెవరూ వెంట తీసుకుపోరన్న భయం మిగతా సగం.

ఐదో నెలలో వీరబాబు దగ్గితే నెత్తురు పడింది. డాక్టరమ్మ ఇంక నా మాట వినకుండా చీటీ రాసిచ్చింది.

గొంతు డాక్టరు ఒక అరబ్బు పెద్దాయన. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి తెర మీద గడ్డ చూపించాడు. ముక్క తీసి పరీక్ష చేయాలనీ, చూడ్డానికి మంచిదిలా లేదనీ, మొదట్లోనే వచ్చుంటే గొంతు దక్కేదేమోననీ నాతో అన్నాడు. తర్వాత క్లినిక్కు కాగితం పక్కన పడేసి, ఇది నిజంగా ఎన్నాళ్ళనుంచి అని ఇంగ్లీషులో వీరబాబునే అడిగాడు.

క్లినిక్కులో విని విని ఆ ఒక్క ప్రశ్న వీరబాబుకు ఇప్పుడు బాగా తెలుసు. నా కోసం ఆగకుండా నాలుగు వేళ్ళు ఎత్తి, సరిగ్గా చెప్పాను కదా అన్నట్టు నావైపు చూశాడు.

నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించాను. ఐదు నెలలనుంచి అనీ, నాలుగు రోజులని చెప్పించింది నేనేననీ ఇంగ్లీషులో ఒప్పుకున్నాను. డాక్టరు నన్ను చూసిన చూపుకు తల వంచుకున్నాను.

వీరబాబుకు మా మాటలు అర్థం కాలేదు. నా చెవి దగ్గరికి వంగి, మిగిలిన ఆ కాస్త గొంతుతో అడిగాడు.

"తప్పు చెప్పానాండి?"