మెకానిక్ ముందు మాత్రం బుద్ధిగా

మా వ్యాన్‌కి నామీద ఏదో పాత పగ ఉంది. లేకపోతే ఏమిటి? ఇంటి ముందు నేను తాళం తిప్పితే ఉలకదు, పలకదు. బతిమాలి, తిట్టి, స్టీరింగ్ మీద నాలుగు వడ్డించాక ఎప్పుడో మనసు పుట్టి స్టార్టవుతుంది. ఆ ఊపులోనే మెకానిక్ షెడ్డుకి తోలుకెళ్తానా, అక్కడ ఆ మనిషి ఇలా తిప్పగానే గుర్రుమని లేస్తుంది. ఆపి మళ్లీ తిప్పితే మళ్లీ లేస్తుంది. ఎంత బుద్ధి, ఎంత వినయం!

ఆ మెకానిక్‌ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. ఏ పనీ తొందరగా చెయ్యడు, చేసింది మాత్రం మళ్లీ చెయ్యక్కర్లేదు.

"దీనికేం రోగం లేదక్కా," అన్నాడు మొదటిసారి.

"అయితే రోగం నాకుందా?"

"నేనలా అనలేదు."

"అనలేదులే, అలా చూశావు."

పాపం, నా నోటికి జడిసి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ తీగల కొసలు గీకి బిగించాడు. మరోసారి వెళ్తే స్టార్టర్ మోటారు విప్పి, శుభ్రం చేసి పెట్టాడు. ఆ తర్వాత వైర్లన్నీ వేళ్లతో తడిమి చూశాడు. షెడ్డులో ఉన్నంతసేపూ బంగారం, ఇంటికి రాగానే బండరాయి.

మామూలు రోజులైతే నేనూ విసిగి వదిలేసేదాన్నే. ఇప్పుడు కుదరదు. పక్షవాతం వచ్చి మా అత్తయ్యకి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. చేతికి వ్యాయామం చేయించే సెంటర్ ఊరికి ఆ చివర ఉంది. అద్దె కార్లలో ఆవిడ చక్రాల కుర్చీ పట్టదు. మా వ్యాన్‌కి మాత్రం, సామాను ఎక్కించడానికి మామయ్య బతికుండగా బిగించిన పలక వెనక ఉంది. దానిమీదుగా ఆవిడని కుర్చీతో సహా లోపలికి తోసేస్తాను. బండి మొరాయించి ఇప్పటికే రెండుసార్లు వెళ్లలేకపోయాం. ఈసారి కూడా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని సెంటర్ వాళ్లు మర్యాదగానే చెప్పారు. వేళ్లకి పని చెప్పాల్సింది ఇప్పుడే, ఆలస్యమైతే ఇక అవి రావని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మర్యాద కూడా పెట్టుకోలేదు.

"తుక్కుకి ఇచ్చేద్దామే దాన్ని. నెమ్మదిగా ఇంకోటి చూద్దాం," అన్నారు మా ఆయన.

"నెమ్మదిగానా? మీ అమ్మ చెయ్యి కట్టెలా బిగుసుకుపోయాకా?"

ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. తుక్కు లేదు, గిక్కు లేదు, దీని అంతు చూడందే వదలనని ఆ రోజే అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి తాళాల సంగతి చెప్పాలి. అన్నీ ఒకే గుత్తికి ఉండాలి, అది అత్తయ్య శాసనం. వీధి తలుపు, పెరటి తలుపు, బీరువాలు, కొట్టు షట్టరు, గోదాము, బండి, ఎప్పుడో తుప్పు పట్టిపోయిన మామయ్య సైకిలు, అన్నిటి తాళాలూ అందులోనే. విడిగా ఉంటే పోతాయట. ఆ గుత్తి విసిరితే తగిలినవాడు లేవడు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు అత్తయ్య ఎడమ చేత్తో దాన్ని నా ఒళ్లో పడేసి, మొహం గోడవైపు తిప్పుకుంది. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను. అయినా రోజూ సాయంత్రం దాన్ని అడిగి తీసుకుని, అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తడిమి చూసుకుని మళ్లీ నాకిచ్చేది.

గుత్తి పరాయివాళ్ల చేతికి ఇవ్వకూడదన్నది ఇంకో శాసనం. నిదానం ఎంత మంచివాడైనా పరాయివాడే కదా. అందుకని షెడ్డుకి వెళ్లినప్పుడల్లా గోరు విరగ్గొట్టుకుంటూ బండి తాళం ఒక్కటీ ఊడదీసి అతనికిచ్చేదాన్ని. ఇంటికి రాగానే, అత్తయ్య చూడకముందే మళ్లీ గుత్తికి ఎక్కించేసేదాన్ని.

సెంటర్‌కి వెళ్లాల్సిన రోజు రానే వచ్చింది. అత్తయ్యని కుర్చీతో సహా ఎక్కించి, నా సీటు వెనకే చక్రాలు బిగించి, తాళం తిప్పాను. నిశ్శబ్దం. మళ్లీ తిప్పాను. ఊహూఁ. నా వీపు వెనక అత్తయ్య గట్టిగా నిట్టూర్చింది.

నిదానానికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"లారీ కింద ఉన్నానక్కా, వచ్చేసరికి ఆలస్యమవుతుంది."

"నువ్వు రానక్కర్లేదు. నీకెలా స్టార్టవుతుందో అది చెప్పు. నువ్వు చేసేది మొదటినుంచీ చెప్పు."

"ఏముందక్కా, సీట్లో కూర్చుంటాను. గేరు న్యూట్రల్ చేస్తాను. నువ్విచ్చిన తాళం పెడతాను, తిప్పుతాను."

"నేనూ అదే చేసి చస్తున్నా కదయ్యా!"

"మరి నేనైనా వేరే మంత్రం ఏం వేస్తాను? నువ్విచ్చిన తాళంతోనే కదా తీసేది."

నేనిచ్చిన తాళం. కిందికి చూశాను. గుత్తి నా మోకాలి దగ్గర దర్జాగా వేలాడుతోంది.

ఎడమ అరచేత్తో గుత్తిని పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తో తాళం తిప్పాను. గుర్రుమంది. ఆపేశాను. "ఆఁ!" అని అత్తయ్య వెనకనుంచి నా భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఉండండత్తయ్యా, ఒక్కసారి!" గుత్తి వదిలేసి తిప్పాను. నిశ్శబ్దం. ఎత్తి పట్టుకుని తిప్పాను. గుర్రు! "దొరికింది దొంగ!" అని అరిచాను.

జరిగింది నిదానానికి చెప్పాను. "తాళం పెట్టేచోట లోపల అరిగిపోయుంటుందక్కా. అంత బరువు కిందికి లాగుతుంటే స్విచ్చు అందదు. ఆ గుత్తి నాకెప్పుడూ చూపించలేదేం?"

"పరాయివాడివని," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"స్విచ్చు మారుస్తాన్లే. ఈలోగా ఆ బరువు దానికి తగిలించకు. నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోగలదు. తాళం విడిగా ఉంచు."

చేతిరుమాలుతో గుత్తిని పైకెత్తి, స్టీరింగ్ పక్కనుండే వైపర్ కాడకి కట్టి, దేవుడా అనుకుంటూ నెమ్మదిగా పోనిచ్చాను. అత్తయ్య అన్నీ విన్నది. అద్దంలో చూస్తే కళ్లన్నీ ఆ గుత్తి మీదే ఉన్నాయి. ఆవిడకి మిగిలిన పెత్తనం అదొక్కటే. అందులోంచి కూడా ఒకటి తీసేస్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వేళకి చేరాం. థెరపిస్టు అమ్మాయి ఎప్పటిలాగే బట్టల క్లిప్పుల బుట్ట బల్ల మీద పెట్టింది. వాటిని వేళ్లతో నొక్కి తీగకి తగిలించాలి. అత్తయ్యకి అవంటే ఒళ్లు మంట, ఎప్పుడూ విసిరికొడుతుంది. ఈరోజు విసరలేదు. బుట్టని పక్కకి నెట్టి, నా చేతిలోని గుత్తి వైపు చెయ్యి చాపింది.

ఇచ్చాను. బల్ల మీద పెట్టుకుని, ఎడమ చేతి గోరుతో రింగు సందు తెరిచింది. కుడి బొటనవేలు, చూపుడువేలు బండి తాళం మీదికి తెచ్చింది. పట్టు జారింది. మళ్లీ పట్టింది. మళ్లీ జారింది. నుదుటి మీద చెమట పోసింది, పెదవి బిగించింది.

"నేను తీస్తానమ్మా," అని ఆ అమ్మాయి చెయ్యి చాపబోయింది. మణికట్టు దగ్గర పట్టుకుని ఆపేశాను.

"ఆవిడ సంగతి నీకు తెలీదు. ఊరుకో."

తాళం రింగులో కొంచెం కదిలింది. ఆగింది. ఇంకొంచెం కదిలింది. చివరికి టక్కున ఊడి బల్ల మీద పడింది. అత్తయ్య అక్కడితో వదల్లేదు. వణుకుతున్న ఆ రెండు వేళ్లతోనే దాన్ని మళ్లీ పట్టి, పైకెత్తి, నా అరచేతిలో పెట్టింది.

"బండి... నీది," అంది. మాట ముద్దగానే ఉంది. నాకు మాత్రం ప్రతి అక్షరం వినపడింది.

తర్వాత మిగిలిన గుత్తిని తన ఒళ్లోకి లాక్కుంది. "ఇవి నావి."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అయితే ఇంట్లోకి వెళ్లాలంటే నేను మిమ్మల్నే అడగాలా?"

"అడుగు," అంది.

ఇంటికొచ్చి వీధి తలుపు ముందు నిలబడి నిజంగానే అడిగాను. ఆవిడేం తొందరపడలేదు. కుడి చేత్తోనే ఒక్కొక్క తాళం వెతుక్కుంది. మాడు పగిలే ఎండ, చేతిలో రెండు సంచులు. అయినా నేను ఒక్క మాట అనలేదు.