తెరచాటు గాజులు

నవజలధరశ్యామలమైన గగనతలమునుండి సన్నని తుంపర యెడతెగక రాలుచుండ నెఱ్ఱమన్ను కలసిన పినాకినీప్రవాహము గట్టులొరసికొని పాఱుచుండ హరిద్రాలిప్తచరణలైన పురకాంతలు పట్టుచీరల కుచ్చెళ్లను బురద కందకుండ నెత్తిపట్టుకొని గుంపులుగుంపులుగా గాజులవీధికి నడచుచుండిరి. అది శ్రావణమాసము. శుక్రవారపు వ్రతమునకు కొత్తగాజులు తొడుగుకొనక పూజాపీఠము నెదుట కూర్చుండు ముత్తైదువ యా పట్టణమున లేదు. తక్కిన మాసములన్నియు గోళ్లు గిల్లుకొనుచు కూర్చుండు గాజులవర్తకునకు సైత మీ యొక్కమాసమున నన్నము తినుటకైన తీరిక చిక్కదు. అట్టి శ్రావణమున చెంగయ్యసెట్టి యరుగుమీద మాత్రము ఈగలు వ్రాలుచుండెను.

ఈ చెంగయ్యసెట్టి యొకప్పుడు సామాన్యుడు కాడు. వచ్చిన యాడుబిడ్డ చేతిని తనచేతిలోనికి తీసికొని బొటనవ్రేలి మొదటికడ నొక్కినంతనే యా చేతికి పట్టు గాజు కొలత నెఱిగి సబ్బునురుగైన నంటింపక మణికట్టును కఱచిపట్టుకొనునట్లు బిగువుగా తొడుగగల నేర్పరి. వదులుగాజు తొడుగుట యతని దృష్టిలో గాజులసెట్టికి తలవంపు. తొడుగునపుడు గాజు చిట్లినచో నది పెనిమిటి యాయువునకు కీడని వెఱచు లోకమున చెంగయ్య చేతిలో గాజు చిట్లదన్న పేరే యతని యాస్తి. అట్టి చేతులకు వణుకురోగము పట్టుకొనెను. నిరు డొక సీమంతమున గర్భిణి చేతిమీద గాజు పుటుక్కున చిట్లి నెత్తురు చిమ్మెను. తల్లియు బిడ్డయు పెనిమిటియు క్షేమముగనే యుండిరి. ఐనను ఊరినోరు మూయించుట యెవరితరము? ఆనాటినుండి స్త్రీజనము వీధి కావలిప్రక్క వెలసిన కొత్తదుకాణమునకు మరలెను. అచట గాజుపలకల బీరువాలలో కొలతలవారీగా పెట్టెలుండును. నచ్చినది కొనుక్కొని యింటికిపోయి తామే వదులుగా తొడుగుకొందురు. ఈ శ్రావణముకూడ నిట్లే గడచినచో కొట్టెత్తివేసి విధవయైన కూతును వెంటబెట్టుకొని యెవరిపంచనో చేరుటతప్ప సెట్టికి వేఱుగతి లేకుండెను.

చెన్నపట్టణమున బట్టలవ్యాపారము చేయు మేనల్లుడు సుబ్బరాయలు చూచిపోవుటకై వచ్చి యరుగంతయు కలయజూచి నాలుకకు పదునుపెట్టెను.

"మామా! ఎదుటివాడు చేయు పనినే నీవును చేయబోయినచో వాని పెట్టుబడిముందు నిలువలేవు. వానియొద్ద లేనిది నీయొద్ద నేమున్నదో చూచుకొని దానినే యమ్ముము. గాజులు ఎవడైన నమ్మును. చక్కగా తొడిగి పంపువాడు వీధిలో మఱియొకడు కలడా?"

"తొడుగువాడు ఇడుగో నాయనా" యని చెంగయ్య తన రెండుచేతులను ముందునకు చాపెను. అవి గాలికి ఆకువలె వడవడ వణకుచుండెను. మేనల్లుడు కాఫీగిన్నె చేతబుచ్చుకొనెను. మంచి సలహాయే. ఏమి లాభము? సలహా వచ్చునప్పటికి చేతులు పోయెను.

గడపలోపల నిలిచి వినుచున్న వెంగమ్మ చెంగయ్య కేకైకపుత్రిక. మగపిల్లలు లేని కొఱత తీరునట్లు పసితనముననే తండ్రి యామెకు విద్యయంతయు నేర్పెను. ఆ వ్రేళ్లు తన వ్రేళ్లకంటె మెత్తనివని యతనికి తెలియును. కాని భర్త పోయిన స్త్రీ తాకిన గాజు ముత్తైదువ చేతికి పనికిరాదు.

ఆ మధ్యాహ్నము వెంగమ్మ తండ్రియొద్దకు వచ్చి "నాయనా! జమీందారులయింట ఘోషాస్త్రీలకు తెరచాటునుండి కదా మీరు తొడిగెడువారు. మన యరుగుమీదను తెర కట్టుదము. మాట మీది. చేయి నాది" యనెను.

వెంగమ్మ దూలమునకు తెర బిగించుచుండగా తెరకొసను పట్టుకొనుటకు మాత్రము చెంగయ్య చేతులు పనికివచ్చెను.

పెద్దింటివారివలె తెరచాటున గాజులు తొడుగుకొనుట యనగనే పురకాంతలకు సరదా పుట్టెను. మొదట నొకతె వచ్చెను. ఆమె చేతులు చూచి యిరుగుపొరుగులు వచ్చిరి. వారములోపల నరుగు క్రిక్కిఱిసెను. సెట్టి చేతికి మరల పడుచుతనము వచ్చినదని వీధివీధిని చెప్పుకొనిరి. తెరలోపల చెంగయ్య క్షేమసమాచారము లడుగుచు పాతపరాచికము లాడుచుండ నతని ప్రక్కను మోకాళ్లపై కూర్చున్న వెంగమ్మ యూపిరి బిగబట్టి యొకదానివెనుక నొకటిగా గాజులెక్కించుచుండెను. బోసిమణికట్టు గల యా చేతులు పచ్చగాజుల నడుమ మెలగుచుండ నతని కెంత మురిపెమో యంత భయము. ఈ సుఖము నిలుచునది కాదని యతని మన సప్పుడే చెప్పెను. చెప్పినను చేయగలిగినదేమి?

రెండవశుక్రవారమునాడు అలివేలను కొత్తకోడలు అత్తగారివెంట వచ్చెను. గాజులు తొడిగిన చేతిని కన్నులకద్దుకొనుట యా పిల్ల పుట్టినింటివైపు ఆచారము. ఆ సంగతి యీ యూర నెవరికి తెలియును? తొడుగుట ముగియగనే యామె మురిసిపోయి సెట్టి చేయి యనుకొని లోపలిచేతిని గట్టిగా పట్టి వెలుపలికి లాగి కన్నులకద్దుకొనెను. తెర తొలగెను. గాజులేని యాడుచేయి యందఱి యెదుట బయటపడెను.

అత్తగారు కెవ్వున నఱచెను. సాయంకాలమునకు పట్టణమందలి ముత్తైదువలందఱును చెంగయ్య వాకిట మూగిరి. తిట్టిరి. శపించిరి. ఐతే చిక్కొకటి వచ్చిపడెను. ఆ గాజులను పగులగొట్టుకొందమన్న నది మగడు పోయిననాడు చేయు పని. ఊడదీసికొందమన్న చెంగయ్య విద్యలోని బిగువు. కొత్తదుకాణపువాడు ఒకతె చేతిమీద యత్నించి చిట్లునని వెఱచి చేతులెత్తివేసెను.

"సెట్టీ! వీనిని తీసివేయుము" అని యా గుంపులోని పెద్దముత్తైదువ శాసించెను.

"ఎవరు తీయవలెనమ్మా?" అని చెంగయ్య తన చేతులు చూపెను.

ఆమె యెదుటిగోడవంక చూచుచు "తొడిగిన చేయియే తీయవలెను" అనెను.

తెర నెవరో లాగి పాఱవైచియుండిరి. ఎల్లర కన్నులయెదుట వెంగమ్మ యరుగుమీద కూర్చుండెను. ఏ చేయి తాకిన నమంగళమని యేవగించుకొనిరో యా చేతికే తమచేతుల నప్పగించి ముఖములు ప్రక్కకు త్రిప్పుకొని వరుసగా నిలిచిరి. ఎంత చోద్యము! సిగ్గుపడినవా రొక్కరైన నుండిరేమో తెలియరాదు. అలివేలు వంతు వచ్చినప్పు డా పిల్ల పిడికిలి విప్పక కన్నీరు కార్చుచుండెను. తానే యీ యింటిని కూల్చితినని యామె బాధ. వెనుకనుండి యత్తగారు హుంకరించెను.

"వ్రేళ్లు విడువు తల్లీ. బిగించినచో చిట్లును" అని వెంగమ్మ మెల్లగా పలికి యొక్కొక్కవ్రేలిని విప్పి గాజులన్నిటిని దించెను.

దీపములు పెట్టువేళకు వాకిలి నిర్మానుష్యమయ్యెను. ఎవరును తిరిగి కొనని పచ్చగాజులు, ఎఱ్ఱగాజులు చాపమీద గుట్టపడియుండెను. చెంగయ్య వణకుచేతులతో గుట్టనంతయు నీకొసనుండి యాకొసవఱకు తడవి తడవి చూచెను. కూతును కన్నెత్తి చూడగలిగినవాడు కాడు.

"ఒక్కటియు చిట్లలేదమ్మా" యనెను.

గాజులసెట్టియింట నంతకుమించిన బిరుదము లేదు. ఆ బిరుదము నిచ్చుటకు తండ్రియు నందుకొనుటకు కూతురును తప్ప నా వాకిట నెవరును మిగులలేదు.