నీలం క్యాను

సుంకన్న బీకరును రెండు చేతులతో ఎత్తాడు. అందులో, రెండు కొసలా ముడివేసిన పలచటి పొర సంచి తేలుతోంది. సంచిలో హేమ తయారుచేసిన పాలిమరు ద్రావణం ఉంది. చుట్టూ ఉన్న డిస్టిల్డ్ వాటర్ మార్చినప్పుడల్లా లోపలి ఉప్పు కొంత బయటికొస్తుంది. మార్చడం సుంకన్న పని. అనంతపురం కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా అతనికి అదే ఆఖరి రోజు.

హేమది మూడేళ్ల పరిశోధన. విద్యుదావేశమున్న ఆ పాలిమరు చెరువు నీటిలోని బురదను అడుక్కి దించాలి. ఉప్పు పోతే దాని అణువుల గొలుసులు విచ్చుకుని ద్రావణం చిక్కబడాలి. రెండుసార్లు పలచగానే మిగిలింది. సాయంత్రానికి ఇదీ అంతే అయితే అంశం మార్చుకోమని గైడు తేల్చేశాడు.

సుంకన్న సంచిని పక్కన పెట్టి, బీకరులోని నీళ్లు నీలం క్యానులోకి వంచాడు. హేమ చూసింది.

"అన్నా, ఆ నీళ్లు యాడ పోస్తాండావు?"

"క్యాన్లోకే మ్మా. అద్దం మాదిరి ఉండాయి. పారబోసేకి మనసెట్లొస్తాది?"

సంచికి కొత్త నీళ్లు పట్టేదీ ఆ క్యాను నుంచే. హేమ ఉప్పు కొలిచే మీటరును క్యానులో ముంచింది. అంకెలు ఎగబాకాయి. సంచి వదిలిన ఉప్పు మళ్లీ సంచి చుట్టూనే చేరుతోంది.

తన ఊరు బుక్కరాయసముద్రంలో బోరు ఎండిన ఏడాది సుంకన్న ఈ ఉద్యోగంలో చేరాడు. ఆవిరిని చల్లబరిచే కండెన్సరు నుంచి కారే నీటిని బక్కెట్లో పట్టి గచ్చు తుడిచాడు. అతని చేతిలో చుక్క వృథా కాలేదు.

"నా చేతులతోనే చెడగొట్టినానా?"

"తిట్టేకి టైం లేదన్నా. రేపు నువ్వు దొరకవు కూడా. మార్చు."

అతను డిస్టిల్డ్ వాటర్ తీసే స్టిల్లు పక్కనే నిలబడ్డాడు. క్యాను ఖాళీ చేసి పక్కన పెట్టి, నీటిని నేరుగా బీకరులోకి పట్టాడు. వాడిన నీళ్లు పారబోయబోతే మొదటిసారి సింకు అంచున చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. పైన వీడ్కోలు సభ మొదలైందని రెండుసార్లు కబురొచ్చింది. పని ఉందన్నాడు. చివరికి శాలువాయే ల్యాబులోకి వచ్చింది.

సాయంత్రం హేమ ద్రావణాన్ని సన్నటి గాజు గొట్టంలోకి పీల్చి వదిలింది. పొద్దున వట్టి నీళ్లు జర్రున జారిన గీత మీద ఇది బద్ధకంగా వేలాడింది. స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది.

"దిగడంల్యా, ఏమ్మా?" సుంకన్న గొట్టం మీదికి వంగాడు.

"అదే కావాల్సిందన్నా."

ఆమె మరో రెండుసార్లు కొలిచింది. అదే నిదానం. గైడుకు ఫోను చేసి తలతిప్పేసరికి సుంకన్న కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. గేటు బయట బుక్కరాయసముద్రం బస్సు కదిలింది.

సింకు గట్టు మీద నీలం క్యాను, మూత తీసి, బోర్లించి ఉంది.