నున్నటి గీత

మూడో మోటారు కూడా కాలిపోయింది. అదే చోట. కేబుల్ వచ్చి కలిసే మొదటి కాయిల్లో, మొదటి చుట్ల దగ్గర.

టెస్టరు కాలిన చుట్లని వేలితో తడిమి చూశాడు. రెండేళ్ల కిందట ఇదే పంపుహౌసులో రెండోది కాలినప్పుడు పరీక్ష చేసింది తనే. స్విచ్ వేసినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్నే సర్జ్‌లేవీ రావడం లేదని సంతకం పెట్టిందీ తనే. సర్జ్ లేదంటే తప్పు మోటారు చుట్టినవాడిది. చుట్టినవాడు సొంత అక్క మొగుడు. నాసిరకం తీగ వేశాడని ముద్ర వేసి, వైండింగ్ షాపులోంచి గెంటేసి, దయదలిచినట్టు గేటు కాపలాకి కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి అక్క తమ్ముడితో మాట మానేసింది.

కానీ ఈ మూడోది బావ చుట్టలేదు.

కొత్తగా బిగించిన మోటారు టెర్మినళ్లకి ప్రోబులు తగిలించి, రికార్డరు మీద అలవాటుగా ఫిల్టర్ మీట నొక్కబోయాడు. వేలు గాల్లోనే ఆగిపోయింది. గీత గజిబిజిగా ఉంటే పైవాళ్లకి నచ్చదని, ఆ మీటతో నున్నగా చేసి చూపించడం వాళ్ల ల్యాబులో అందరికీ అలవాటే. రెండేళ్ల కిందటా నొక్కాడు.

ఈసారి నొక్కలేదు. "స్విచ్ వెయ్యండి!" అని అరిచాడు.

గీత నిట్టనిలువుగా లేచింది. రెప్పపాటులో లక్షో వంతు కాలం. మామూలు వోల్టేజికి ఐదింతలు. మీట నొక్కి మళ్లీ వేయించాడు. సర్జ్ జాడే లేకుండా గీత బుద్ధిమంతురాలిలా సాగిపోయింది.

మేనేజరు రిపోర్టు చదివి బల్ల మీద పడేశాడు. "అప్పుడు లేదన్నావు, ఇప్పుడు ఉందంటున్నావు. నాలుకా, తాటిమట్టా?"

"తప్పు నాదే సార్. రెండో పేజీలో రాశాను."

"చూశాలే. సర్జ్‌ని అడ్డుకునే అరెస్టర్లు పెట్టిద్దాం. ఆ రెండో పేజీ మాత్రం చింపెయ్. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి గెంటామని నేను సంతకం పెట్టాలా?"

టెస్టరు చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు.

"ఏరా బావమరిదీ, ఈసారి ఎవరి కొంప ముంచావు?" అంటూ బావ సంచి వెతకడానికి చెయ్యి చాపాడు.

"నా కొంపే బావా. ఇది చదువు."

బావ రెండుసార్లు చదివాడు. "తీగ నాసిరకమైతే ఎక్కడైనా కాలాలి, ప్రతిసారీ మొదటి చుట్లే ఎందుకు కాలతాయిరా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మీ అక్క తప్ప ఒక్కరు వింటేనా!"

"ఇంటికి తీసుకెళ్లి అక్కకి చూపించు."

బావ కాగితం అడుగున చూశాడు. మేనేజరు సంతకం చోటు ఖాళీగా ఉంది. తలెత్తి గేటు మీది కెమెరా వైపు చూశాడు.

"సంతకం లేని కాగితం గేటు దాటకూడదు. దాటిస్తే ఈ కాపలా కూడా ఊడుతుంది."

"నీ మీద మచ్చ పోయే కాగితం బావా!"

"మచ్చతో రెండేళ్లు బతికాను. పని లేకుండా రెండు నెలలు బతకలేను."

కాగితాన్ని మేనేజరుకి వెనక్కి పంపే ట్రేలో వేశాడు. రిజిస్టరులో, కాయిలు చుట్టినంత పొందికగా, 'కాగితం ఒకటి, ఆపడమైనది' అని రాసి, పుస్తకం బావమరిది వైపు తిప్పాడు.

"ఇక్కడ సంతకం పెట్టు. నీకు అలవాటేగా."