విచారణ ఖబరస్తాన్‌లోనే

ప్రొక్లైన్ యంత్రం మా ఊరి ఖబరస్తాన్ తూర్పు గట్టును తవ్వేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. గోదావరిలో ఇసుక నింపే ర్యాంపుకు పోయే లారీల కోసం బాట వెడల్పు చేస్తున్నామని కాంట్రాక్టర్ రామ్‌చందర్ మనుషులు చెప్పారు. కాసేపటికి మట్టిలోంచి శవానికి చుట్టే కఫన్ గుడ్డ పీలిక పైకొచ్చింది. ఫజిలత్ పరుగెత్తుకొచ్చింది. పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయిన ఆమె కూతురు ఆరిఫా సమాధి అది. ఆమె ఏడవలేదు. ఆ పీలికను కొంగున కట్టుకుని యంత్రానికి ఎదురుగా కూర్చుంది. డ్రైవర్ ఇంజన్ ఆపి దిగిపోయాడు.

"నాతోని కాదు సార్, నాకూ పిల్లలున్నరు" అన్నాడు సూపర్‌వైజర్‌తో. మర్నాడు అతని సీట్లో ఇంకొకడున్నాడు. ఇంకొన్ని సమాధులు తెగాక, జనం అడ్డుపడితే పని ఆగింది.

ఇది 2005 నాటి మాట. మాది పినపాక అవతల, గోదావరి ఒడ్డున మద్దిగుంపు. ముస్లింలవి ముప్పై ఇళ్లు. గిన్నెలకు కళాయి పూసేవాళ్లు, దర్జీలు. వాగవతల కోయగూడెం. ఖబరస్తాన్‌ను ఆనుకునే కోయవాళ్లు చనిపోయిన తమ పెద్దల పేర నిలిపిన రాళ్లున్నాయి. బాట వాటి మీదుగా కూడా పోవాలి.

తహసీల్దారును అడిగితే, రికార్డులో అది సర్కారు భూమి అన్నాడు. మైనారిటీల హక్కులు కాపాడటానికి సర్కారే ఒక కమిషన్ పెట్టిందని ఫజిలత్ భర్త ఇబ్రహీం ఎక్కడో విన్నాడు. నేను డిగ్రీ చదువుతున్నానని నాచేత దానికి అర్జీ రాయించాడు. దాని మీద ఆ సాయంత్రం ర్యాంపు కూలీల పాకలో మీటింగ్ జరిగింది. లారీలకు ఇసుక నింపే కూలీల సంఘానికి పెద్ద జంపయ్య. అతనికి ఈ అర్జీ నచ్చలేదు.

"భూమి మాదనేది సర్కారే, మీ హక్కు కాపాడతమనేది సర్కారే. బిడ్డను గిల్లి ఉయ్యాల ఊపినట్టున్నది" అన్నాడు.

"నమ్మమంటలేనన్నా, అడుగుదామంటున్న" అన్నాడు ఇబ్రహీం. "అడగకపోతే రేపు మనం ఒప్పుకున్నమని రాసుకుంటరు."

"మరి ర్యాంపు బందైతే మేమేం తినాలె?" అన్నాడు దూలయ్య అనే కూలీ. అయినా మర్నాడు ఇబ్రహీం అర్జీ పోస్టు చేశాడు.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. కమిషన్ మెంబర్ విచారణకు వస్తున్నాడు. చోటు, ర్యాంపు పక్కన రామ్‌చందర్ గెస్ట్‌హౌస్. ఊళ్లో బడి ఉండగా కాంట్రాక్టర్ ఇల్లే ఎందుకు? ఆ వారమంతా మాలో మాకే నమ్మకం లేకపోయింది. ఇబ్రహీం రామ్‌చందర్ జీపు ఎక్కడం చూశానని ఎవరో అన్నారు. అందరి ముందే జంపయ్య అడిగాడు.

"అవ్, ఎక్కిన" అన్నాడు ఇబ్రహీం. "పిలిపిచ్చిండు. వేరే జాగ ఇస్త, అర్జీ వాపసు తీస్కోమన్నడు. వద్దన్న. మీకు చెప్పకపోవుడు నా తప్పే."

కొందరు నమ్మారు. కొందరు తల పక్కకు తిప్పుకున్నారు.

విచారణ రోజు కమిషన్ క్లర్కు గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరే లోపలికి రావాలన్నాడు. ముందు ఇబ్రహీం వెళ్లాడు. వెంటనే చేతిలో కాగితంతో బయటికొచ్చాడు. "సంతకం పెట్టమంటున్రు. సతీష్, జర చదువు" అని నాకిచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. వేరే చోట స్థలం ఇస్తే మాకు అభ్యంతరం లేదని దాని సారం. గట్టిగా చదివి తెలుగులో చెప్పాను.

ఫజిలత్ లేచింది. "మేమింక నోరే తెరవలేదు. మా మాట ముందే ఎట్ల టైపైంది?"

ఎవరూ లోపలికి పోలేదు. అందరం మెట్ల మీదే కూర్చున్నాం. కాసేపటికి మెంబర్ రెహమాన్ సాహెబ్ బయటికొచ్చాడు. ముసలాయన. కాగితం చదివి క్లర్కు వైపు చూశాడు. "ఇది నేను రాయించింది కాదు" అన్నాడు. నిజమో కాదో ఈరోజుకీ మాకు తెలియదు.

"గట్లయితే నడవండి సార్" అన్నాడు జంపయ్య. "విచారణ ఖబరస్తాన్లనే చెయ్యండి. అందరి ముంగట."

రామ్‌చందర్ కారు తెప్పించాడు. రెహమాన్ సాహెబ్ ఎక్కలేదు, మాతో నడిచాడు. కోసిన గట్టు చూశాడు. తెగిన సమాధుల ముందు చేతులెత్తి దువా చేసి, పని ఆపాలని, సర్వే జరగాలని తన చేత్తోనే రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు కోయగూడెం భీమక్క ముందుకొచ్చింది.

"మా పెద్దల రాళ్లు కూడ రాయి సారూ."

"మీది ఏ మతం?" అన్నాడు క్లర్కు.

"మా వేల్పు మాకున్నది."

"అట్లయితే మీరు మా మైనారిటీ కమిషన్ కిందికి రారు."

"మీ కాయితంల మాకు గడి లేకపోతే, మా పెద్దలు మట్టిల లేనట్టా?"

"వాళ్లయి రాయకపోతే మా సంతకాలు లేవు" అంది ఫజిలత్. కూలీలూ అదే మాటన్నారు. రెహమాన్ సాహెబ్ రాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చివరికి రాశాడు. రాసి, "నేను సిఫారసు మాత్రమే చేయగలను. ఆపాల్సింది పైవాళ్లు" అన్నాడు.

పన్నెండో రోజు ప్రొక్లైన్ మళ్లీ వచ్చింది, ఈసారి పోలీసులతో. ఇబ్రహీం సిఫారసు నకలు చూపించాడు.

"ఇది ఆర్డర్ కాదు" అన్నాడు ఎస్సై. ఇబ్రహీంనూ, పక్కనే నిలబడ్డ జంపయ్యనూ వ్యానెక్కించాడు. ఎక్కుతూ జంపయ్య, "కాయితం మంచిదే ఇబ్రహీం. దాన్ని నిలవెట్టేటోళ్లు మనమే" అన్నాడు. వ్యాను కదిలింది.

ప్రొక్లైన్ ముందు ఫజిలత్, భీమక్క, రెండు వాడల ఆడవాళ్లూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. కబురు ర్యాంపుకు చేరింది. దూలయ్య లారీ మీంచి దిగాడు. ఒకరి వెనక ఒకరు కూలీలంతా దిగారు. ఇసుకలోంచి నడుచుకుంటూ ఖబరస్తాన్‌కు వచ్చారు.

"మీరు తురకలు కాదు, కోయలు కాదు. మీకేంది సంబంధం?" అన్నాడు ఎస్సై.

"మమ్ముల ఏ గడిల రాస్కుంటవో నీ ఇష్టం" అన్నాడు దూలయ్య. "వాళ్లిద్దరు వాపసొచ్చేదాక ఒక్క లారీ నిండదు."

పొద్దు వాలేసరికి ఖాళీ లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. ప్రొక్లైన్ వెనక్కి పోయింది. సగం మందిని ఖబరస్తాన్ కాపలాకు ఉంచి, మిగిలినవాళ్లం స్టేషన్ దారి పట్టాం. ముందు ఫజిలత్, భీమక్క. వెనక పారలు భుజాన వేసుకుని కూలీలు.